రావయ్య తర్వాత నాలుగు వేళ్లు

తాళాల కొట్టు పైన గది
ఆదివారం మధ్యాహ్నం

వదినకి,

నువ్వూ అన్నయ్యా బాగున్నారని తలుస్తాను. ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ మధ్య ఫోన్లో మాట్లాడటం కుదరడం లేదు. కారణం తర్వాత చెబుతాను.

ఒక పని మీద రాస్తున్నాను. పాత పాటలు పోగుచేసే మాస్టారు ఒకాయన మా పాటల బడికి వచ్చారు. ఇంటికొక పాట చొప్పున, పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లతో పాడించి రికార్డు చేసి దాచిపెడుతున్నారట. పుస్తకం కూడా వేస్తారట. నేను అమ్మ పాట చెప్పాను, "తలుపు మూయలేదు తండ్రీ". ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు నెలల్లో మళ్లీ వస్తారు. ఒక్కసారే పాడాలి. ఎలా పాడితే అలాగే ఉండిపోతుంది, నేను పోయాక కూడా.

నాకు మూడు చరణాలే వచ్చు. నాలుగోది అమ్మ చివరి రోజుల్లో గుర్తు తెచ్చుకుని నీకు నేర్పిందని అన్నయ్య చెప్పాడు. అది రాసి పంపు.

ఇంకో మాట. అమ్మ పోయిన ఏడాదికి ప్రార్థన మందిరంలో నువ్వు ఈ పాట పాడావు చూడు. ప్రతి చరణం చివర "రావయ్య" అని, టక్కున ఆగిపోయావు. మొదటిసారి నువ్వు మర్చిపోయావనుకున్నాను. నా పక్కనావిడ పాపం నీకివ్వడానికి మంచినీళ్ల సీసా మూత కూడా తీసింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నా చిన్నప్పుడు అమ్మ పాడితే అక్కడ ఖాళీ ఉండేది కాదు. నాకు గట్టిగా గుర్తు. అది అమ్మ ఆయాసమా వదినా? ఊపిరి అందక ఆవిడ ఆగితే, అదీ పాటేననుకుని నేర్చేసుకున్నావా? నవ్వకు, నిజంగానే అడుగుతున్నాను. నమూనా చొక్కాకి చిరుగుంటే చిరుగుతో సహా కుట్టే మనిషివి నువ్వు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. అమ్మ ఎలా పాడమంది? గొంతు తిప్పే గిరికీలు ఉండాలా, వద్దా? ఆవిడ ఎలా అంటే అలా పాడతాను. ఇన్నేళ్లుగా ఇంతమందికి పాట చెప్పాను గానీ, ఈ ఒక్క పాట దగ్గరికొచ్చేసరికి కాలూ చెయ్యీ ఆడటం లేదు. అలసిపోయాను వదినా. పొద్దున్నించి సాయంత్రం దాకా కింద కొట్లో ఆకురాయి గీసే చప్పుడు, పైన పిల్లల స్వరాలు. ఏది ఏదో ఒక్కోసారి తెలియడం లేదు.

జవాబు త్వరగా రాయి.

నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో పెట్టిన పేరుతోనే,
గిరికీ

* * *

ఆసుపత్రి కుట్టు గది
శనివారం, టీ విరామం

గిరికీకి,

దేవుడి దయ వల్ల మేం బాగున్నాం. నీ ఉత్తరం మంగళవారం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. నీ అక్షరాలకి కూడా గిరికీలే.

ఇక్కడ పని తెమలడం లేదు. మధ్యలో పలచబడిన దుప్పట్లన్నీ మా గదికి పంపారు. కొత్తవి కొనరట. ఒక్కోదాన్నీ నిలువునా కోసి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకి తెచ్చి కలిపి కుడుతున్నాం. రోగి వీపు కింద ఆ కుట్టు తగలకూడదు. వంద దాటాక నా మోకాలు ఎవరిదోలా ఉంది. మీ అన్నయ్యకి చెవి మరీ మొద్దుబారింది. టీ కావాలా అని మూడుసార్లు అరిస్తే, "ఎందుకలా అరుస్తావు, నాకేమైనా చెవుడా?" అంటారు.

నాలుగో చరణం ఏదో కాగితం మీద రాసుకున్నాను. వెతకాలి. దొరకగానే పంపుతాను.

అత్తయ్య ఎలా పాడమందని అడిగావు. నేను పాడినట్టే పాడమంది. గిరికీలు వద్దనేది. మాటని మాటలా పలికి, రావయ్య దగ్గర ఆగమనేది. అది ఆయాసం కాదు. మందిరంలో పెద్దలు కూడా ఆ పద్ధతే మెచ్చుకున్నారు. గొంతు దేవుడి ముందు తల వంచుకుని నిలబడినట్టుందన్నారు. గొప్పకి చెప్పడం లేదు, అడిగావని రాశాను.

ఫోన్ సంగతేమిటి? నాకు మనసు అదోలా ఉంది.

గంట కొట్టారు. ఉంటాను.

నీ వదిన

* * *

తాళాల కొట్టు పైన గది
బుధవారం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగినదానికి జవాబు రాసినందుకు సంతోషం.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒకరోజు అమ్మ వంట చేస్తోంది. నేను గుమ్మంలో నిలబడి ఈ పాట ఎత్తుకున్నాను. అంతకుముందు వారమే రేడియోలో ఎవరో పాడగా విని ఉన్నాను. రావయ్య దగ్గర గొంతుని ఏడుసార్లు తిప్పాను. లెక్కపెట్టుకుని మరీ తిప్పాను. అమ్మ వెనక్కి తిరిగి చేతి మీద గరిటెతో ఒక్కటేసింది. "పాటకి ఇన్ని నగలెందుకే? బరువుకి వంగిపోతోంది చూడు" అంది. గరిటె వేడిగా ఉంది. మచ్చ పడలేదు లెండి.

తర్వాత నేను పాటనే నమ్ముకుని బతికాను. అమ్మ నా కార్యక్రమాలకి ఒక్కదానికీ రాలేదు. మెట్లెక్కలేనంది, కీళ్లంది. బాగా పాడుతున్నానా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏమంటుందోనని. ఇప్పుడు మీరు చెప్పారు. చివరిదాకా వద్దనే అందన్నమాట. మంచిదే. తెలియకపోవడం కన్నా ఇది నయం.

ఫోన్ సంగతి అడిగారు. గొంతులో చిన్న బుడిపెలు లేచాయి. ఆరు వారాలు మాట కూడా వద్దంది డాక్టరమ్మ. మూడు వారాలయింది. పలక మీద రాసి పాఠం చెబుతున్నాను. నేను తిట్టలేనని తెలిసి పిల్లలు రెచ్చిపోతున్నారు. తర్వాత నెమ్మదిగా పాడుకోవచ్చట గానీ గిరికీలు మానుకోమంది. అమ్మా, డాక్టరమ్మా, మీరూ ముగ్గురూ ఒకే మాట మీదున్నారు. ఇంకేం కావాలి?

కనుక పాట మీరే పాడండి. మాస్టారికి మీ చిరునామా ఇస్తాను. కాగితం వెతకనక్కర్లేదు.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

* * *

ఇంటి దగ్గర
ఆదివారం

అమ్మడూ,

ఇన్నేళ్లలో నన్ను గారు అని నువ్వెప్పుడూ అనలేదు. మీ అమ్మానాన్నల ఎదుట కూడా అనేదానివి కాదు. ఆ మాట చూసి ఉత్తరం మడిచి పెట్టేశాను. గొంతు సంగతి సాయంత్రం గానీ చదవలేదు.

మెడకి చుట్టుకోవడానికి గుడ్డ పంపుతున్నాను. మెత్తటిది, రెండు మడతలు వేసి కుట్టాను. రాత్రిపూట కిటికీ మూసుకో. వేడినీళ్లు తాగు. రోజూ నీ పేరున ప్రార్థన చేస్తున్నాను.

మాస్టారికి నా చిరునామా ఇవ్వకు. నేను పాడను. ఎందుకని అడగకు, ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

వదిన

* * *

ఇంటి దగ్గర, వంటింటి బల్ల
శుక్రవారం పొద్దున

గిరికీ,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు. మూడు వారాలుగా ప్రార్థనకి కూర్చుంటే నోట మాట కదలడం లేదు. దేవుడికి చెప్పాల్సింది నీకు చెప్పకుండా ఆయనకెలా చెప్పను? నిన్న మీ అన్నయ్య నీ ఉత్తరం చదివారు. నేను దాచిన చోటు ఆయనకి తెలుసు. చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, "క్యాసెట్టు సంగతి దానికి రాశావా?" అన్నారు. లేదన్నాను. "ఇన్నాళ్లూ రాయలేదా?" అన్నారు. తర్వాత నాతో మాట్లాడలేదు. చెవి మొద్దుబారిన మనిషి మౌనం ఎంత గట్టిగా వినబడుతుందో నాకు నిన్ననే తెలిసింది.

గిరికీలు వద్దన్న మాట అత్తయ్య అనలేదు. నేనే అన్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అత్తయ్య పోయే ముందు చలికాలం, మూడు దిళ్లు పెడితే గానీ ఆవిడకి ఊపిరి ఆడేది కాదు. మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి రాగానే, "దాన్ని పెట్టవే" అనేది. దాన్ని అంటే నిన్ను. పందొమ్మిదేళ్లప్పుడు నువ్వు పెద్ద హాల్లో పాడిన క్యాసెట్టు. నువ్వు ఇంట్లో వదిలేసి వెళ్లావే, అదే. మీ అన్నయ్య వారం వారం బ్యాటరీలు తెచ్చేవారు. అత్తయ్య కళ్లు మూసుకుని వినేది. పాట అయిపోతే, "వెనక్కి తిప్పు. రావయ్య దగ్గరికి" అనేది. రోజుకి నాలుగైదుసార్లు.

విన్నాక తనే పాడేది, నాకు నేర్పడానికి. రావయ్య అనగానే ఆపి, మంచం ఇనప కడ్డీ మీద వేళ్లు ఒకటి తర్వాత ఒకటి ఆనించేది. నాలుగు వేళ్లు. చిటికెన వేలు ఆనాక మళ్లీ ఎత్తుకునేది.

"ఆయాసమా అత్తయ్యా? నీళ్లివ్వనా?" అన్నాను మొదటిరోజు.

"ఆయాసం కాదే మొద్దూ. అక్కడ అది తిప్పుతుంది కదా. నాకు ఆ తిప్పడం చేతకాదు. దాని చోటు దానికి వదలాలి."

"అది ఇక్కడ లేదు కదా అత్తయ్యా."

"లేకపోతే? వస్తుంది. వచ్చేసరికి చోటుండొద్దూ?"

గరిటె సంగతి కూడా చెప్పింది. "అప్పుడు దానికి నిజంగానే పాడటం రాలేదు. నాలుగేళ్లు పోయాక వచ్చింది. బాగా పాడుతున్నావే అని చెబుదామనుకున్నా. వచ్చినప్పుడల్లా దానికి ఏదో ఒక తొందర. గుమ్మంలోనే నిలబడి మాట్లాడేది. గుమ్మంలో చెప్పే మాటా అది?"

ఇది ఇన్నాళ్లూ నీకు ఎందుకు చెప్పలేదంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆవిడని ఎత్తి కూర్చోబెట్టింది నేను. దుప్పట్లు మార్చింది నేను. రాత్రి మూడుసార్లు లేచింది నేను. ఆవిడ చోటు వదిలింది నీకు. నా గొంతు తిరగదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆవిడ పక్కన రెండేళ్లు కూర్చుని పాడాను. ఒక్కరోజైనా, నా కోసం ఎక్కడా వేళ్లు ఆనించలేదు.

ఆవిడ పోయాక మందిరంలో పాడినప్పుడు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఆ ఖాళీలతోనే పాడాను. మోసం చేద్దామని కాదు. కానీ అందరూ వచ్చి ఎంత నిగ్రహం, ఎంత నిండుతనం అంటుంటే, ఔను, మా అత్తయ్య నేర్పిన పద్ధతి అన్నాను. గిరికీలు ఆవిడకి ఇష్టం లేదన్నాను. రెండోసారి చెప్పేటప్పుడు తడబడలేదు. నువ్వు అడిగేసరికి అది నిజమే అన్నట్టు రాసేశాను. ఆ ఖాళీ నాదనిపించింది గిరికీ. ఆ ఇంట్లో నాకంటూ దొరికింది అదొక్కటే అనిపించింది.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఆ గరిటె దెబ్బ మోస్తున్నావని నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కాదు. రాసేదాన్ని కాదనే అనుకుంటున్నాను.

కాగితం ఎక్కడా పోలేదు. నా ప్రార్థన పుస్తకంలోనే ఉంది. ఇదీ నాలుగో చరణం:

కళ్లు కాయలాయె తండ్రీ, కాళ్లు కదలకున్నవీ
కునుకు పట్టెనంచు నన్ను లేపకుండ పోకుమీ
రావయ్య

క్యాసెట్టు పార్సెల్లో పంపుతున్నాను. మొదటి నుంచి చివరిదాకా శుభ్రంగానే ఉంది. రావయ్య ఉన్నచోట మాత్రం అరిగిపోయి గరగరమంటుంది. ఆ అరుగుదల చూస్తే నేను రాసింది నమ్ముతావు.

నీకెలా పాడాలనిపిస్తే అలా పాడు. నన్ను క్షమించమని అడగడం లేదు, ఓపిక లేదు. చెప్పడానికే ఉన్న ఓపికంతా అయిపోయింది.

వదిన

* * *

తాళాల కొట్టు పైన గది
సోమవారం సాయంత్రం

వదినా,

క్యాసెట్టు అందింది. దాన్ని వినే పెట్టె కోసం వీధి వీధీ తిరిగాను. ఆఖరికి కింద తాళాలాయన అటక మీద నుంచి ఒకటి దింపి ఇచ్చాడు. విన్నాను. ఆ చోట నా గొంతు లేనే లేదు వదినా. గరగరా తప్ప ఏమీ లేదు. అమ్మ వినీ వినీ అరగదీసేసింది.

ఆ రోజు పిల్లల్ని పంపించేశాను.

నీ మీద కోపం పోలేదు. అబద్ధం ఆడినందుకు కాదు. ఇంత ఆలస్యం చేసినందుకు. అమ్మ పోయాక గడిచిన ఈ రెండేళ్లూ నేను ఇది తెలిసి బతికి ఉండేదాన్ని. కానీ నువ్వు రాసిన మాట ఒకటి పట్టుకుని వదలడం లేదు. ఎత్తి కూర్చోబెట్టింది నేను అన్నావు. నిజం. అమ్మ మంచాన ఉన్న రెండేళ్లలో నాలుగుసార్లు వచ్చాను, నాలుగుసార్లూ గుమ్మంలోనే నిలబడ్డాను. నువ్వు చేసినదానికి నీకెప్పుడూ ఒక మంచి మాట చెప్పలేదు. నేనూ గుమ్మంలో చెప్పే మాట కాదులే అనుకున్నానేమో. అమ్మదీ నాదీ ఒకటే రక్తం.

నిన్న రికార్డింగ్ అయింది. ఆరు వారాలూ దాటాక డాక్టరమ్మ రోజుకి అరగంట పాడుకోనిచ్చింది. "నున్నగా పాడండి, మెలికలు వద్దు" అని మళ్లీ హెచ్చరించింది. నువ్వు పంపిన గుడ్డ మెడకి చుట్టుకుని కూర్చున్నాను. చేతులు హార్మోనియం చెక్క మీద పెట్టుకున్నాను. రావయ్య అన్నాక వేళ్లు ఆనించాను. నాలుగూ.

మొదటి ఖాళీ దగ్గరే మాస్టారు తల ఎత్తి చూశారు. పాట అయ్యాక అన్నారు, "కంగారు పడ్డారా అమ్మా? మాట మర్చిపోయినట్టున్నారు. పర్లేదు, ఆ ముక్కలు కోసేస్తాను." నేను అలిసి ఉన్నాను, హార్మోనియం మూత వేసేశాను. ఈరోజు పొద్దున తెచ్చి వినిపించారు. ఖాళీలన్నీ పోయాయి. పాట నున్నగా ఉంది, ఎక్కడా అతుకు తెలియడం లేదు. అచ్చం నువ్వు కుట్టే దుప్పటిలా.

"తీసినవి మళ్లీ పెట్టండి" అన్నాను.

"ఏం పెట్టనమ్మా? అక్కడేమీ లేదు కదా!"

"ఆ ఏమీ లేనిదే పెట్టండి. ఎక్కడ పారేశారో అక్కణ్నించి ఏరి తెచ్చి పెట్టండి."

ఆయన నవ్వారు. మంచి మనిషి. గంటసేపు కూర్చుని అన్నీ మళ్లీ పెట్టారు. "పుస్తకంలో దీని గురించి ఏమని రాయమంటారు?" అని అడిగారు. ఇంట్లోవాళ్లు ఒకరు రావాల్సి ఉంది, వాళ్ల కోసం ఆగారు అని రాయండన్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, మూడు చరణాలు మా అమ్మ దగ్గర, నాలుగోదీ ఆగడమూ మా వదిన దగ్గర అని చెప్పాను. అలాగే రాసుకున్నారు.

పాట అన్నయ్య ఫోన్‌కి పంపారు. నాలుగో చరణం ఎలా వచ్చిందో నేను రాయను. నువ్వే విను.

మోకాలికి కాపడం పెట్టుకో. వచ్చే నెల వస్తాను. గుమ్మంలో నిలబడను, ముందే చెబుతున్నాను, మంచం సర్ది ఉంచు.

నీ గిరికీ

* * *

ఆసుపత్రి కుట్టు గది
గురువారం, టీ విరామం

గిరికీకి,

మీ అన్నయ్య ఫోన్ అడిగి తెచ్చుకున్నాను. పొద్దున ఇంట్లో ముందు ఆయనే చెవికి ఆనించుకుని విని, "బాగుంది" అన్నారు. ఎంత వినబడిందో నాకు తెలియదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. తర్వాత టీ కావాలా అని ఆయనే నన్ను అడిగారు.

నేను ఇక్కడ అందరూ టీకి వెళ్లేదాకా ఆగాను. మిషన్ ఆపి, దుప్పటి పక్కకి జరిపి పెట్టుకున్నాను. నీ గొంతు సన్నబడింది. మాటని మాటలాగే పలికావు. రావయ్య అన్నావు. నేను బల్ల మీద వేళ్లు ఆనించాను. ఆ నాలుగు వేళ్ల సేపూ ఏమీ లేదు. మీ కింద కొట్లో ఆకురాయి గీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. రెండో చరణం దగ్గరా అంతే. మూడో చరణం దగ్గర మీ వైపు ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు, అంతే. అక్కడికి నాకు అర్థమైంది, నువ్వు కూడా చోటు వదిలేశావని. అత్తయ్యకి వదిలావో, నాకు వదిలావో. దిగులుగానూ ఉంది, తృప్తిగానూ ఉంది. ఇక ఈ పాట ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

నాలుగో చరణం నేను రాసి పంపినట్టే పాడావు. లేపకుండ పోకుమీ అన్నప్పుడు ఒక్క క్షణం తడబడ్డావు. రావయ్య అన్నావు. నేను వేళ్లు మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

చిటికెన వేలు ఆనించేలోపు నువ్వు వచ్చావు. ఏడు కాదు, ఒక్కటే. చిన్నది. మధ్యలో గొంతు కాస్త గరగరమంది, అయినా తిరిగింది.

వేలు అలాగే గాల్లో ఆపేశాను. వాళ్లు టీ తాగి వచ్చేదాకా అది అలాగే ఉంది.

నీ వదిన